అమ్మానాన్నలతో యాపిల్ తోటకి: న్యూ పాల్ట్స్ వైపు వెళ్లండి, కొలంబస్ డే వీకెండ్ మాత్రం వద్దు

మీరు అడిగింది ఇదీ: ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి న్యూజెర్సీ ఎడిసన్‌లో మీ దగ్గర ఉన్నారు, నవంబర్ మొదట్లో వెళ్లిపోతారు. ఈలోగా యాపిల్ తోట చూపించాలి, ఆకులు రంగు మారడం కూడా చూపించాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, నాన్నగారు వ్యవసాయం చేసిన మనిషి, మాల్స్ అంటే విసుగు. ఎక్కడికి వెళ్లాలి, ఏ వారం వెళ్లాలి?

సూటిగా చెప్పాలంటే, న్యూయార్క్ రాష్ట్రం అల్‌స్టర్ కౌంటీలో న్యూ పాల్ట్స్ అనే చిన్న ఊరు ఉంది, దాని చుట్టుపక్కలకి వెళ్లండి. సెప్టెంబర్ చివరి వారం లేదా అక్టోబర్ మొదటి వారం, వీలైతే శుక్రవారం సెలవు పెట్టుకుని. అక్టోబర్ రెండో సోమవారం వచ్చే కొలంబస్ డే లాంగ్ వీకెండ్‌లో మాత్రం ఎవరు పిలిచినా వెళ్లకండి. తోటలో రెండు గంటలు, ఆ తర్వాత పక్కనే ఒకటి రెండు చోట్లు, అంతే. ఒక్క రోజులో ఐదు చోట్లు పెట్టుకుంటే మీ వాళ్లకి గుర్తుండేది పార్కింగ్ లాట్లే.

యాపిల్స్ కోయడం ఒక్కటే పని అయితే నిజానికి అంత దూరం అక్కర్లేదు. ప్రిన్స్‌టన్ పక్కన టెర్హ్యూన్, ఫ్రీహోల్డ్‌లో బ్యాటిల్‌వ్యూ, చెస్టర్‌లో ఆల్‌స్టెడ్ ఉన్నాయి, మీకు అన్నీ గంట లోపే. పసిపిల్లలు ఉంటే నేనూ అక్కడికే పంపిస్తాను. కానీ వ్యవసాయం చేసిన పెద్దాయనకి చూపించాల్సింది నాలుగు చెట్లు, ఒక గుమ్మడికాయల కుప్ప కాదు కదా. న్యూ పాల్ట్స్, హైలాండ్, గార్డినర్, మార్ల్‌బరో ఇవన్నీ యాపిల్ మీద బతికిన ఊళ్లు. రోడ్డుకి రెండు పక్కలా వరసలు, మధ్య మధ్య పాత ప్యాకింగ్ షెడ్లు, పండ్లు నింపే పెద్ద పెద్ద చెక్క పెట్టెలు, ఒక మలుపులో టేబుల్ వేసి డబ్బుల డబ్బా పెట్టి మనిషి కూడా లేకుండా నడిచే కొట్టు. వెనకాల షావంగంక్ గట్టు, అంటే తెల్లటి రాతి కొండల వరస. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం తర్వాత యాపిల్ ఎక్కువగా పండేది న్యూయార్క్ రాష్ట్రంలోనే, హడ్సన్ లోయ అందులో ఒక ముఖ్యమైన ప్రాంతం. పల్లెటూరు ఎలా ఉంటుందో చూడాలంటే ఇటు రావాల్సిందే.

దారి: హైవే 287 నార్త్ పట్టుకుని సఫర్న్ దాకా, అక్కడ 87 ఎక్కి ఎగ్జిట్ 18. ట్రాఫిక్ లేకపోతే రెండు గంటల లోపే. ఏడింటికల్లా బయల్దేరండి. ఎనిమిదిన్నర దాటి బయల్దేరితే హ్యారిమన్ దగ్గర వుడ్‌బరీ ఔట్‌లెట్స్‌కి వెళ్లే జనంతో కలిసిపోతారు.

ఇప్పుడు అసలు చిక్కు. యాపిల్స్ ముహూర్తం, ఆకుల ముహూర్తం ఒకటి కావు. తోటల్లో పండు దండిగా, రకరకాలుగా ఉండేది సెప్టెంబర్ రెండో వారం నుంచి అక్టోబర్ రెండో వారం దాకా. లోయలో ఆకులు బాగా రంగు తిరిగేది మామూలుగా అక్టోబర్ మూడు, నాలుగు వారాల్లో. గట్టు మీద కొంచెం ముందు, ఇంకా ఎత్తైన కొండలున్న క్యాట్‌స్కిల్స్‌లో అయితే అక్టోబర్ మొదట్లోనే మొదలవుతుంది. రెండూ ఒకే రోజు చూద్దామని అందరూ కొలంబస్ డే వీకెండ్ మీద పడతారు, ఆ రోజు న్యూ పాల్ట్స్ మెయిన్ స్ట్రీట్ దాటడానికే ఓపిక ఉండాలి. అప్పటికి హనీక్రిస్ప్ లాంటి ముందు పండే రకాలు అయిపోయి ఉంటాయి, ఆకులేమో సగమే మారి ఉంటాయి.

మీ వాళ్లు నవంబర్ దాకా ఉంటున్నారు కాబట్టి రెండింటినీ ఒకే రోజులో ఇరికించకండి. యాపిల్స్‌కి సెప్టెంబర్ చివర ఒక రోజు. ఆకులకి అక్టోబర్ 20 ప్రాంతంలో ఇంకో పూట, దానికి న్యూ పాల్ట్స్ దాకా కూడా అక్కర్లేదు, బేర్ మౌంటెన్ చాలు. దాని మీదున్న పెర్కిన్స్ టవర్ దాకా కారు వెళ్తుంది, అమ్మగారు కారు దిగి పది అడుగులు వేస్తే హడ్సన్ నది, కొండలు అన్నీ కనిపిస్తాయి. ఒక్క సెలవే దొరుకుతుంది అంటారా, అప్పుడు కొలంబస్ డే తర్వాత వచ్చే శుక్రవారం పెట్టుకోండి. గట్టు మీద రంగు ఉంటుంది, చెట్ల మీద ఆలస్యంగా పండే రకాలు ఉంటాయి, జనం కాస్త తగ్గుతారు.

ఏ తోట అని అడుగుతారు. డ్రెసెల్, జెంకిన్స్-ల్యూకెన్, విల్క్‌లో, హర్డ్స్, వీడ్ ఆర్చర్డ్స్, ఇలా బోలెడు ఉన్నాయి. నా మటుకు నేను చూసేది ఒక్కటే: చెట్లు ఎక్కువా, ఆటవస్తువులు ఎక్కువా అని. మొక్కజొన్న చిక్కుదారి, గాలి నింపిన జారుడు బండలు, మేకపిల్లలకి మేత, లైవ్ మ్యూజిక్ ఉన్న ఫార్మ్‌లు పిల్లలకి పండగే, మీ నాన్నగారికి మాత్రం మళ్లీ మాల్‌కి వచ్చినట్టే ఉంటుంది. మీ వరకు సాదాసీదా తోట ఎంచుకోండి. ముందు రోజు రాత్రి వాళ్ల వెబ్‌సైట్ గానీ ఫేస్‌బుక్ పేజీ గానీ తప్పకుండా చూడండి. కొన్ని తోటలు కోతకి శుక్ర, శని, ఆదివారాలే తెరుస్తాయి, కొన్ని ‘ఈ వారం పండు మాగలేదు, మూసేశాం’ అని ఆ రాత్రే పెడతాయి. 2023 మే నెలలో వచ్చిన మంచు దెబ్బకి ఈ ప్రాంతంలో చాలా తోటల్లో పిందె రాలిపోయింది, ఆ ఏడాది కొన్నిచోట్ల కోయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఈ తోటలు ఎక్కువగా వాలు నేలల మీద ఉండటానికి కారణం కూడా అదే, పూత టైమ్‌లో రాత్రిపూట చల్లగాలి కిందికి జారిపోతుందని. ఈ ముక్క మీ నాన్నగారికి చెప్పండి, అక్కణ్నుంచి ఆయనే చూసుకుంటారు.

మా మామగారు నల్గొండ జిల్లాలో బత్తాయి తోట చేసినాయన. యాపిల్ తోట అంటే మామిడి తోటలా పెద్ద పెద్ద చెట్లు ఉంటాయనుకుని వచ్చారు. తీరా చూస్తే మన నిమ్మ చెట్లంత ఎత్తు, తీగలకి కట్టిన వరసలు. ఆయన పండు వైపు చూడనేలేదు, వంగి మొదలు చూశారు. నేలకి జానెడు ఎత్తులో కాండం మీద బుడిపెలా ఉంటుంది. దాన్ని బొటనవేలితో తడిమి ‘ఇక్కడ అంటు కట్టారు, కింద వేరు వేరే జాతి’ అన్నారు. నిజమే, ఇక్కడ చాలా తోటల్లో చెట్టు పొట్టిగా ఉండటానికి మాలింగ్ 9 లాంటి వేరుమూలాల మీద అంటు కడతారు. మనవాళ్లు బత్తాయిని రంగపూర్ నిమ్మ మీద కట్టినట్టే. ఆ తర్వాత ఆయనకి ఇంగ్లీషు రాకపోయినా కౌంటర్ దగ్గరున్న ముసలాయనకి, ఈయనకి మధ్య నేను గంటసేపు దుబాసీగా నిలబడాల్సి వచ్చింది. మందు ఎన్నిసార్లు కొడతారు, నీళ్లు ఎక్కణ్నుంచి, కోతకి కూలీలు దొరుకుతారా. కోతలకి జమైకా నుంచి సీజన్ వీసా మీద మనుషులు వస్తారని, గంటకి ఇంత ఇస్తామని ఆయన చెప్తే, మామగారు రూపాయల్లో లెక్కేసుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. మీ నాన్నగారికీ అలాంటి మనిషి ఒకరు దొరకాలంటే రద్దీ లేని రోజు వెళ్లాలి. నేను శుక్రవారం అంటున్నది సగం అందుకే.

ఏ రకం ఎప్పుడు అనేది కొంచెం తెలుసుకుని వెళ్తే మంచిది. సెప్టెంబర్ మొదట్లో గాలా, మ్యాకింటోష్, హనీక్రిస్ప్. నెల మధ్య నుంచి కోర్ట్‌లండ్, మకూన్. నెలాఖరుకి ఎంపైర్, జోనాగోల్డ్. అక్టోబర్‌లో గోల్డెన్ డెలిషియస్, ముత్సు, ఆ తర్వాత నార్తర్న్ స్పై, ఫ్యూజీ. వాతావరణాన్ని బట్టి వారం అటూ ఇటూ అవుతుంది. కోర్ట్‌లండ్, ఎంపైర్, జోనాగోల్డ్, మకూన్ ఈ నాలుగూ ఈ రాష్ట్రంలోనే జెనీవా పరిశోధన కేంద్రంలో పుట్టిన రకాలు. ఇండియాలో అంతగా దొరకవు, ఇక్కడ కూడా మామూలు షాపుల్లో అన్నీ కనపడవు. దూరం వచ్చినందుకు ఇవి తినండి. మన పెద్దవాళ్లు మాత్రం ఎర్రగా నిగనిగలాడుతోందని రెడ్ డెలిషియస్ దగ్గరికే వెళ్తారు, ఎందుకంటే వాళ్లకి యాపిల్ అంటే ఆ రంగే. దానికో కారణం ఉంది లెండి: 1916 ప్రాంతంలో హిమాచల్‌లోని కోట్‌గఢ్‌కి ఆ జాతి మొక్కలు తెప్పించి నాటింది అమెరికా నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్. తర్వాత సత్యానంద్ స్టోక్స్ అయ్యారు. అక్కడి కొండల్లో యాపిల్ సాగు పెరగడానికి ఆయనే మూలం.

కోయడం గురించి: పండుని పట్టుకుని కిందికి లాగకండి. అరచేతిలోకి తీసుకుని పైకి ఎత్తి కొంచెం తిప్పితే మాగిన పండు దానంతటదే ఊడి వస్తుంది. లాగితే పక్కన ఉన్న మొగ్గ కూడా వచ్చేస్తుంది, వచ్చే ఏడు పూత అక్కడే రావాలి. ఎరుపు చూసి మోసపోకండి, ఎరుపు మధ్యలో కనపడే అడుగు రంగు ఆకుపచ్చ నుంచి పసుపులోకి తిరిగిందా లేదా చూడండి. వరసలో మొదటి పది చెట్లూ అందరూ తడిమి వదిలేసినవి, లోపలికి నడవండి. కింద పడ్డవి ఏరకండి, రాత్రిపూట జింకలు తిరిగిన నేల అది. సగం బుషెల్ సంచి అంటే సుమారు 20 పౌండ్లు, తొమ్మిది కిలోలు. నలుగురు ఉంటే ఒక్కటి చాలు. కాకపోతే కొన్ని తోటలు ఇంతమందికి ఇన్ని సంచులు కొనాల్సిందే అంటాయి, అది ముందే చదువుకోండి, గేటు దగ్గర వాదన ఎందుకు.

అమ్మగారి మోకాళ్ల సంగతి. ట్రాక్టర్ వెనక కట్టే బండి మెట్టు చాలా ఎత్తు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. చెట్ల దాకా కారులో వెళ్లనిస్తారా అని ఫోన్ చేసి అడగండి, కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. మడతకుర్చీ ఒకటి డిక్కీలో వేసుకోండి. ఉదయం పూట గడ్డి నిండా మంచు నీళ్లు ఉంటాయి, చెప్పులతో, చీర కుచ్చిళ్లతో నడిస్తే తడిసి చలి పడుతుంది. బూట్లు, సాక్స్ వేయించండి. ఇంకోటి, ఈ ప్రాంతంలో జింక పురుగుల (డీర్ టిక్స్) బెడద ఉంది, లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. గడ్డిలో కూర్చోకండి, ప్యాంటు సాక్స్‌లోకి దోపండి, ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చెవుల వెనక, నడుము దగ్గర చూసుకోండి. నువ్వుగింజంత ఉంటుంది, కనిపిస్తే పట్టకారుతో తిన్నగా పైకి లాగేయాలి. భయపెట్టడానికి చెప్పట్లేదు, మేం ఏటా వెళ్తూనే ఉన్నాం.

సెప్టెంబర్‌లో పసుపు చారల కందిరీగలు కూడా ఉంటాయి, తీపి వాసనకి చేరతాయి. సైడర్ గ్లాసు అంచు మీద ఒకటి వాలి మెల్లగా లోపలికి దిగుతూ ఉంటుంది, మాటల్లో పడి చూసుకోం. పెద్దవాళ్లకి మూత ఉన్న కప్పు ఇవ్వండి. సైడర్ అంటే ఇక్కడ వడకట్టని యాపిల్ రసమే, బోర్డు మీద ‘హార్డ్’ అని ఉంటే మాత్రం అది మందు. షుగర్ ఉన్నవాళ్లకి చెప్పండి, మామూలు సైడర్‌లో కూడా కూల్ డ్రింక్‌కి దగ్గరగా చక్కెర ఉంటుంది. వేడి వేడి సైడర్ డోనట్లు బాగుంటాయి, కానీ మామూలుగా గుడ్డు వేస్తారు. గుడ్డు తినని ఇంట్లో ఈ సంగతి కొరికాక చెప్పడం కంటే ముందు చెప్పడం మేలు.

భోజనం ఇంటి నుంచే. పులిహోర, పెరుగన్నం, రెండు రకాల పొడులు. అయితే చాలా తోటల్లో బయటి తిండి తేనివ్వరు, అందుకని తినడం పార్కులో పెట్టుకోండి.

పార్కుల్లోకి వస్తే, మీకు నేను చెప్పే మొదటి చోటు వాక్‌వే ఓవర్ ది హడ్సన్. 1889లో రైళ్ల కోసం తెరిచిన వంతెన, 1974లో అగ్నిప్రమాదంతో మూతపడింది, 2009లో నడిచేవాళ్ల కోసం మళ్లీ తెరిచారు. పొడవు 1.28 మైళ్లు, నది మీద 212 అడుగుల ఎత్తు. న్యూ పాల్ట్స్ నుంచి హైలాండ్ వైపు పావుగంట, ఇరవై నిమిషాలు. మెట్లు లేవు, నేల చదును, వీల్‌చైర్ కూడా పోతుంది. మొత్తం నడవక్కర్లేదు, మధ్య దాకా వెళ్లి కింద పోయే పడవలు, ఒడ్డున పోయే రైలు చూసి వెనక్కి రావచ్చు. పైన నీడ ఉండదు, గాలి బాగా కొడుతుంది, నాన్నగారికి మఫ్లర్ ఇచ్చేయండి. ప్రవేశం ఉచితం, హైలాండ్ వైపు పార్కింగ్‌కి డబ్బు కట్టాలి.

రెండోది మినవాస్కా స్టేట్ పార్క్. రూట్ 299 మీద న్యూ పాల్ట్స్ దాటగానే పొలాల మీదుగా కొండ మొత్తం ఒక్కసారిగా ఎదురొస్తుంది, అక్కడ కారు ఆపమంటారు, ఆపండి. పార్కులో అవోస్టింగ్ జలపాతానికి దారి వెడల్పుగా ఉంటుంది, వెళ్లేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు, కాబట్టి అమ్మగారి ఓపిక చూసుకోండి. పైన చెరువు ఒడ్డున కూర్చుని పులిహోర తినడానికైతే ఏ ఇబ్బందీ లేదు. సీజన్‌లో శని, ఆదివారాలు పొద్దున్నే పార్కింగ్ నిండిపోయి గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. మోహంక్ మౌంటెన్ హౌస్ గురించి కూడా వినే ఉంటారు, బాగుంటుంది, కానీ డే పాస్ ఖరీదు ఎక్కువ, సగం రోజు కోసం దండగ.

ఊళ్లోనే హ్యూగనాట్ స్ట్రీట్ ఉంది. మతం కారణంగా ఫ్రాన్స్ వదిలి వచ్చిన కుటుంబాలు 1677లో ఇక్కడి ఎసోపస్ తెగ వాళ్లతో ఒప్పందం చేసుకుని భూమి తీసుకున్నాయి. వాళ్లు 1700ల తొలి దశకాల్లో కట్టుకున్న రాతి ఇళ్లు ఇంకా ఉన్నాయి. వీధిలో ఊరికే నడవచ్చు, లోపల చూడాలంటే టికెట్. మా అత్తగారికి జలపాతం కంటే ఇదే నచ్చింది, గోడ మందం చూసి ఎండాకాలం ఎంత చల్లగా ఉంటుందో అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు పొమోనాలో రంగనాథస్వామి గుడి ఉంది, సఫర్న్ దగ్గర కొంచెం పక్కకి తిరిగితే చాలు. మూడున్నరకల్లా న్యూ పాల్ట్స్ వదిలితే సాయంత్రం దర్శనం చేసుకుని ఇంటికి రావచ్చు, టైమింగ్స్ ముందు చూసుకోండి. వుడ్‌బరీలో ‘ఒక్క అరగంట’ ఆగుదాం అనే మాట మాత్రం ఎవరి నోట వచ్చినా విననట్టు ఉండండి.

మీరు తెలంగాణ వాళ్లయితే ఇది కూడా చదవండి. బతుకమ్మ సీజన్, యాపిల్ సీజన్ చాలాసార్లు కలుస్తాయి. కొన్ని ఫార్మ్‌లలో పూలు కూడా మనమే కోసుకోవచ్చు, బంతి, జిన్నియా, కోడిజుట్టు పూలు ఉంటాయి. మన గునుగు జాతికే చెందిన సెలోషియాని ఇక్కడ అందం కోసం పెంచుతారు, రంగు తేడా అయినా పేర్చడానికి బాగా నిలుస్తుంది. రోడ్డు పక్కన పసుపుగా విరగబూసేది గోల్డెన్‌రాడ్, దూరం నుంచి తంగేడే అనిపిస్తుంది. స్టేట్ పార్కులో అది కోయకూడదు, ఫార్మ్ వాళ్లని అడిగితే గట్ల మీద కోసుకోమంటారు, వాళ్లకది కలుపే. అక్టోబర్ మధ్యకి మంచు పడితే జిన్నియాలు ఒక్క రాత్రిలో నల్లబడతాయి, పండగ ఆలస్యంగా వచ్చిన ఏడు పూల మీద ధీమా పెట్టుకోవద్దు.

చివరగా, తొమ్మిది కిలోల పండుతో ఇంటికొచ్చాక ఏం చేయాలి. ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, ఆకుకూరలకి దూరంగా, లేకపోతే కూర పసుపెక్కుతుంది. మ్యాకింటోష్ ముందు తినేయండి, త్వరగా పిండిలా అయిపోతుంది, హల్వాకి అదే మంచిది. ఫ్యూజీ, నార్తర్న్ స్పై చాలా వారాలు ఆగుతాయి. కోర్ట్‌లండ్ ముక్కలు కోసినా త్వరగా రంగు మారవు, పిల్లల బాక్సులోకి బాగుంటుంది. పప్పులోకి, పచ్చడిలోకి నార్తర్న్ స్పై లాంటి గట్టి, పుల్లటి రకం వాడండి. దానితో ఆవకాయ కూడా పెడతాం, కానీ మామిడికాయలా నిలవుండదు, నీరు వదులుతుంది, ఫ్రిజ్‌లో పెట్టి వారం పది రోజుల్లో అవగొట్టాలి. నూనె తక్కువ వేయండి, మెంతిపొడి ఒక చిటికె ఎక్కువ.

వెళ్లే వారం ఖరారయ్యాక కింద రాయండి, అప్పటికి ఏ రకాలు చెట్ల మీద ఉండొచ్చో చెప్తాను.